కిట్ కారు హెడ్‌లైటు ఎర్రబడితే ముందు ఎర్తు చూడండి

ప్రశ్న: ఒక పాత కారు ఇంజను, గేర్‌బాక్సు తీసుకుని సొంతంగా కిట్ కారు కట్టుకున్నాను. పైపుల ఛాసిస్‌కు పౌడర్ కోటింగ్ చేయించాను. బాడీ అంతా ఫైబర్. వైరింగ్ రెండు వేర్వేరు కార్లది కోసి కలిపాను. హెడ్‌లైట్లకు 60/55 వాట్ల హెచ్4 బల్బులు పెట్టాను. ఈమధ్య లో బీమ్ వేస్తే కుడి లైటు మామూలుగా వెలుగుతోంది, ఎడమది మాత్రం ఎర్రగా, మసగ్గా ఉంటోంది. అదే సమయంలో డ్యాష్‌బోర్డులో హై బీమ్ తాలూకు నీలం దీపం కూడా గుడ్డిగా వెలుగుతోంది. లో బీమ్ మీద ఉండగా డిప్పర్ కొడితే ఎడమ లైటు పూర్తిగా ఆరిపోతుంది. పగటిపూట ఎడమ ఇండికేటర్ బాగానే కొట్టుకుంటుంది. లైట్లు వేశాక మాత్రం నీరసపడిపోతుంది, దాంతోపాటే హెడ్‌లైటు కూడా అదురుతుంది. గతుకుల్లో ఒక్కోసారి అన్నీ వాటంతటవే బాగైపోతాయి. బల్బులు మార్చాను, స్విచ్ మార్చాను. మీటరు పెట్టి ఎర్తు చూస్తే బీప్ వస్తోంది. మధ్యలో ఒకసారి ఫ్యూజు పోతే 10 ఆంపియర్ల చోట 20 వేశాను. నిజానికి కుడి లైటు కూడా అంత గొప్పగా ఏమీ లేదు. ఎల్ఈడీ బల్బులు పెట్టేస్తే ఈ గొడవంతా వదులుతుందా?

జవాబు: ముందుగా, ఇంకేమీ కొనకండి. మీరు రాసిన లక్షణాలు ఇంత వివరంగా ఉన్నాయి కాబట్టి కారు చూడకుండానే చెప్పగలను: మీ ఎడమ ముందు దీపాలకు ఎర్తు, అంటే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే దారి, వదిలేసింది. బల్బు, స్విచ్ ఏ పాపం ఎరుగవు. కుడి లైటు నీరసం వేరే జబ్బు, ఫ్యూజు పోవడం మూడోది. మూడూ ఒకే కారులో ఉన్నంత మాత్రాన మూడింటికీ కారణం ఒకటే కావాలని లేదు.

ఇది చదవడం ఆపి ముందు ఆ 20 ఆంపియర్ల ఫ్యూజు తీసేయండి. ఫ్యూజు ఉండేది బల్బును కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. 10 ఆంపియర్లకు తగ్గట్టు వేసిన సన్న వైరులో 20 ఆంపియర్లు పోతే ఫ్యూజు చల్లగా ఉంటుంది, వైరు తొడుగు కరుగుతుంది. ఆ వైరు పక్కన ఉన్నది ఫైబర్ బాడీ. అది అంటుకుంటే ఆర్పడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. మళ్ళీ 10 వేయండి. అది పోతే పోనివ్వండి, ఎందుకు పోతోందో వెతికే పద్ధతి కింద చెబుతాను.

ఇప్పుడు ఎడమ లైటు సంగతి. మామూలు కారులో బాడీ మొత్తం ఇనుమే కాబట్టి బల్బు దగ్గర ఓ చిన్న తీగ బాడీకి బిగిస్తే కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరుతుంది. ఫైబర్‌లో కరెంటు పోదు. కాబట్టి కిట్ కారులో ప్రతి దీపానికీ వెళ్ళే వైరు ఎంత ముఖ్యమో తిరిగొచ్చే వైరూ అంతే ముఖ్యం. కట్టేవాళ్ళు వెళ్ళే వైరు మీద పెట్టిన శ్రద్ధలో సగం కూడా దీని మీద పెట్టరు. హెడ్‌లైట్ల పేరుతో వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం చివరికి ఎర్తు దగ్గరే తేలుతాయి.

హెచ్4 బల్బులో ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు ఉంటాయి, లో బీమ్‌కు 55 వాట్లు, హై బీమ్‌కు 60. పిన్నులు మూడే. లో బీమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి, ఇద్దరికీ కలిపి ఎర్తు ఒకటి. ఆ ఉమ్మడి ఎర్తు తెగితే ఏమవుతుందో చూడండి. లో బీమ్ కరెంటు ఎడమ బల్బులోకి వస్తుంది, లో ఫిలమెంటు దాటుతుంది, ఎర్తుకు పోబోతే దారి లేదు. కాలువకు గండి పడితే నీళ్ళు పక్క పొలంలోకి తిరిగినట్టు, అదే బల్బులోని హై ఫిలమెంటులోంచి ఎదురెక్కి, హై బీమ్ వైరు పట్టుకుని కుడి లైటుకు వెళ్ళి, అక్కడి హై ఫిలమెంటు గుండా కుడివైపు ఎర్తులో దిగుతుంది. అంటే 12 వోల్టులు మూడు ఫిలమెంట్లు పంచుకుంటున్నాయి, తలా సుమారు 4. ఎడమ లైటు ఎర్రగా ఉండడం అందుకే. నీలం దీపం కూడా ఆ హై బీమ్ వైరు మీదే ఉంది కాబట్టి దానికీ ఆ 4 వోల్టులు అంది గుడ్డిగా వెలుగుతోంది. రాత్రి కారు గోడకు ఎదురుగా ఆపి కుడి లైటులోకి పక్కనుంచి చూడండి, లో బీమ్ వెలుగు వెనక హై ఫిలమెంటు కూడా సన్నగా ఎర్రబడి కనిపించవచ్చు.

డిప్పర్ కొట్టినప్పుడు ఎడమది ఆరిపోవడం ఇంకా మంచి ఆధారం. అప్పుడు లో, హై రెండు వైర్లలోనూ 12 వోల్టులు ఉంటాయి. ఎడమ బల్బుకు రెండు వైపులా ఒకే వోల్టేజి, బయటికి దారి లేదు. కరెంటు పారదు, దీపం వెలగదు. బల్బులో గానీ స్విచ్‌లో గానీ లోపం ఉంటే ఇలా చచ్చినా జరగదు.

ఇండికేటర్ కూడా అదే కథ చెబుతోంది. దాని ఎర్తు, హెడ్‌లైటు ఎర్తు మీరు ఒకేచోట కలిపి ఉంటారు. పగలు లైట్లు ఆర్పి ఉన్నప్పుడు ఇండికేటర్ కరెంటు హెడ్‌లైటు ఫిలమెంట్ల గుండా తిరిగిపోతుంది. చల్లగా ఉన్న ఫిలమెంటుకు అడ్డు చాలా తక్కువ, ఓములో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. కాబట్టి ఇండికేటర్‌కు లోటేమీ తెలియదు. లైట్లు వేయగానే ఆ ఉమ్మడి బిందువు దగ్గర అప్పటికే 8 వోల్టుల దాకా నిలిచి ఉంటాయి. ఇండికేటర్‌కు మిగిలేది 4. అందుకే నీరసం. అది వెలిగినప్పుడల్లా ఆ బిందువులో వోల్టేజి కాస్త పెరుగుతుంది, హెడ్‌లైటు ఆ లయకే అదురుతుంది.

ఇక మీటరు బీప్, అంటే దారి తెగలేదని అది కొట్టే కూత. మిమ్మల్ని దారి తప్పించింది ఇదే. ఎర్తు వైరు పూర్తిగా తెగిపోయినా మీ మీటరు బీప్ కొడుతుంది. ఎందుకంటే బల్బు ప్లగ్గులోనే ఉంచి చూశారు. మీటరు పంపిన కరెంటు పైన చెప్పిన దొంగదారినే, రెండు హై ఫిలమెంట్ల గుండా, కుడి ఎర్తుకు చేరింది. అదంతా కలిపి ఒక ఓము కూడా ఉండదు. చాలా మీటర్లు కొన్ని పదుల ఓముల వరకు బీప్ కొడతాయి. హెడ్‌లైటు బల్బు ఒక్కటే తీసి చూసినా సరిపోదు, పార్కింగ్ లైటు బల్బు గుండా వెనక దీపాల మీదుగా ఇంకో దారి ఉంది. ఆ వైపు బల్బులన్నీ తీశాక వచ్చే బీప్‌కే కాస్త విలువ.

అప్పుడు కూడా పూర్తి విలువ ఇవ్వకండి. మీటరు పంపేది మిల్లీఆంపియర్లలో కరెంటు. వైరులో పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా అది హాయిగా దాటిపోతుంది. హెడ్‌లైటు అడిగేది ఒక్కో వైపు 4.6 ఆంపియర్లు. వెలుగుతున్న 55 వాట్ల ఫిలమెంటు అడ్డు దాదాపు 2.6 ఓములు. దాని వరుసలో ఒక్క ఓము చేరితే 12లో 3 వోల్టులకు పైగా అక్కడే ఖర్చయిపోతాయి. ఆ ఒక్క ఓమును మీ బీప్ పట్టుకోలేదు. కారు లైట్ల పని ఎప్పుడైనా దీపం వెలుగుతుండగా వోల్టులలో కొలవాలి, దీపం ఆర్పి ఓములలో కాదు.

రోగం ఇదేనని రుజువు చేసుకోవడానికి పావుగంట చాలు. మొదట ఒక జాగ్రత్త. టయోటా, నిస్సాన్ పాత మోడళ్ళు కొన్నింటిలో హెడ్‌లైట్లకు స్విచ్ ఎర్తు వైపు ఉంటుంది. ఉమ్మడి పిన్నుకు ఎప్పుడూ 12 వోల్టులు వస్తాయి, స్విచ్ ఫిలమెంటును ఎర్తుకు కలుపుతుంది. మీ వైరింగ్ ఏ కార్లదో రాయలేదు కాబట్టి ముందు ఇది తేల్చుకోండి. బాగున్న కుడి లైటు ప్లగ్గు బల్బు నుంచి ఊడదీయండి. మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగటివ్‌కు, ఎర్ర తీగ ప్లగ్గులో ఒక్కో పిన్నుకు పెట్టి చూడండి. లో వేస్తే ఒక పిన్నులో 12 రావాలి, హై వేస్తే ఇంకో పిన్నులో రావాలి. రెంటికీ రానిది ఎర్తు. అలా కాకుండా ఎప్పుడూ ఒకే పిన్నులో 12 ఉంటే మీది ఆ రెండో రకం, అప్పుడు కింద చెప్పిన జంపర్ వైరు పెట్టకండి, షార్టవుతుంది. ఆ రకంలో వదిలేసింది ఎర్తు కాదు, ఆ ఉమ్మడి పిన్నుకు 12 వోల్టులు తెచ్చే వైరు. వెతకాల్సింది దాన్ని.

మామూలు రకమే అని తేలాక కుడి ప్లగ్గు తిరిగి పెట్టేయండి. మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న పొడుగు వైరు ఒకటి, అంటే జంపర్, తీసుకుని ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు తగిలించండి. లో బీమ్ వేసి రెండో కొస ఎడమ లైటు ఎర్తు పిన్నుకు వెనకనుంచి తాకించండి. ఎడమ లైటు ఒక్కసారిగా తెల్లబడి, నీలం దీపం ఆరిపోతే ఇక అనుమానం అక్కర్లేదు. జంపర్ తీసేసి అదే పిన్నుకు, బ్యాటరీ నెగటివ్‌కు మధ్య వోల్టులు కొలవండి. ఆరోగ్యంగా ఉన్న ఎర్తులో 0.2 వోల్టు దాటకూడదు. మీకు 7, 8 చూపించినా నేను ఆశ్చర్యపోను.

ఎక్కడ వదిలిందంటే, నా పందెం పౌడర్ కోటింగ్ మీద. అది చూడడానికి పెయింటు, నిజానికి గట్టి ప్లాస్టిక్ తొడుగు, కరెంటును చక్కగా ఆపుతుంది. ఎర్తు వైరు కొసన ఉండే రింగు టెర్మినల్‌ను దాని మీద పెట్టి బోల్టు బిగిస్తే, కరెంటు బోల్టు మరల గుండా, కోటింగ్ ఎక్కడో కాస్త లేచిన చోటునుంచి పోతూ ఉంటుంది. కొత్తలో పనిచేస్తుంది. కొన్నాళ్ళ అదురుకు, తడికి ఆ కాస్తా చెడుతుంది. గతుకుల్లో బాగైపోవడం కూడా అందుకే. బోల్టు విప్పి రింగు సైజు మేర కోటింగ్‌ను ఇనుము మెరిసేదాకా ఎమరీ కాగితంతో గీకేయండి. రింగుకు చిలుము పట్టి ఉంటే కోసి కొత్తది వేయండి. పళ్ళ వాషర్ వేసి బిగించాక, పైన గ్రీజు గానీ పెట్రోలియం జెల్లీ గానీ దట్టంగా పూయండి. ముందే పూసి బిగించవద్దు, ముందు లోహం లోహాన్ని పట్టాలి.

నన్నడిగితే ఛాసిస్‌ను నమ్ముకోవడమే మానేయమంటాను. ముందు భాగంలో ఒక స్టడ్ (తల లేని బోల్టు) పెట్టి ఎడమ దీపాల ఎర్తులు, కుడి దీపాల ఎర్తులు వేర్వేరు వైర్లతో దానికి తెచ్చి, అక్కడినుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు లాగండి. రేడియేటర్ ఫ్యాను ఎర్తు మాత్రం దీనికి కలపకండి, అది తిరిగినప్పుడల్లా లైట్లు కునుకు తీస్తాయి. బానెట్ తీశారు కాబట్టి పనిలో పనిగా ఇంజను నుంచి ఛాసిస్‌కు లావు ఎర్తు పట్టీ ఉందో లేదో చూడండి. అది లేని కార్లలో స్టార్టర్ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా తిరిగొచ్చి దాన్ని మాడ్చేయగలదు.

వైరింగ్ రెండు కార్లది అన్నారు కదా, రంగుల విషయంలో ఒక గోతి ఉంది. బ్రిటిష్ కార్ల పాత పద్ధతిలో గోధుమ రంగు వైరు అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే పాజిటివ్, నలుపు ఎర్తు. జర్మన్ పద్ధతిలో గోధుమ రంగే ఎర్తు. బ్రిటిష్ వైరింగ్‌లో హై బీమ్ నీలం మీద తెల్ల గీత, లో బీమ్ నీలం మీద ఎర్ర గీత. జర్మన్‌లో హై తెలుపు, లో పసుపు. ఈ రెండు ముక్కలు కలిసిన చోట రంగు చూసి వైరు కలపడమంటే చీకట్లో చెయ్యి పెట్టడమే. ప్రతి వైరునూ మీటరుతో తేల్చి, కొసకు అంటించిన కాగితం మీద పేరు రాయండి. బద్ధకించకండి, రెండేళ్ళ తర్వాత ఆ కాగితమే మీకు దిక్కు.

ఇక కుడి లైటు ‘అంత గొప్పగా లేదు’ అన్న మాట. ఇంజను ఆడుతుండగా, లో బీమ్ వేసి, బ్యాటరీ రెండు కొసల మధ్య కొలవండి. 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగుంది. తర్వాత బ్యాటరీ పాజిటివ్‌కు, కుడి లైటు లో పిన్నుకు మధ్య కొలవండి. అక్కడ కనిపించేదంతా దారిలో పోగొట్టుకున్న వోల్టేజి. అర వోల్టు వరకు సరే. పాత కారు స్టీరింగ్ స్విచ్ గుండా, పాత బుల్లెట్ కనెక్టర్ల గుండా వెళ్ళే వైరింగ్‌లో అది వోల్టున్నర దాకా ఉండడం నాకు అలవాటైన దృశ్యమే. వోల్టేజి పదో వంతు తగ్గితే మీ హెచ్4 లాంటి హాలోజన్ బల్బు వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. ఐదో వంతు తగ్గితే సగానికి పైగా పోతుంది. వాట్లు పెంచిన బల్బు వేస్తే బాగుపడుతుందనుకుంటారు చాలామంది. కరెంటు పెరిగి దారిలో నష్టమూ పెరుగుతుంది, స్విచ్ మాడడం అదనం.

దీనికి మందు రిలేలు, అంటే స్విచ్ పంపే చిన్న కరెంటుతో లైట్ల పెద్ద కరెంటును కలిపే పరికరాలు. లోకు ఒకటి, హైకి ఒకటి. ఇప్పుడు లైటుకు వెళ్తున్న వైరును రిలే మీద 86 అని రాసి ఉన్న కాలుకు ఇవ్వండి, 85ను ఎర్తుకు. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చిన లావు వైరు 30కి, అక్కడినుంచి 87 ద్వారా లైట్లకు. 87ఎ అని ఇంకో కాలు ఉంటే దాన్ని వదిలేయండి, అది రిలే పడుకుని ఉన్నప్పుడు కలిసేది. ఇక స్విచ్ మోసేది రిలే చుట్ట తాలూకు ఆంపియర్‌లో చిన్న భాగమే, స్విచ్ మీకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. బ్యాటరీ నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, దాని మొదట్లోనే, బ్యాటరీకి జానెడు దూరంలో, 25 ఆంపియర్ల ఫ్యూజు. లైట్లకు వెళ్ళే ఒక్కో వైరు 2 చదరపు మిల్లీమీటర్లు, నాలుగు ఫిలమెంట్లకు నాలుగు వేర్వేరు 10 ఆంపియర్ల ఫ్యూజులు. రెండు లైట్లకూ కలిపి ఒకే ఫ్యూజు పెడితే అది పోయిన క్షణాన మలుపులో మీరు పూర్తి చీకట్లో ఉంటారు. వైర్ల కొసలకు సోల్డర్ కన్నా మంచి ప్లయర్‌తో నొక్కి బిగించిన క్రింపే నయం. సోల్డర్ పోగుల మధ్యకు పాకి వైరును కొంతమేర గట్టి కడ్డీలా చేస్తుంది, అది ఆగిన చోట అదురుకు పుటుక్కున విరుగుతుంది.

మిగిలింది ఆ ఫ్యూజు ఎందుకు పోయిందన్నది. దీనికి ఫ్యూజుల డబ్బా ఖాళీ చేయనక్కర్లేదు. హెడ్‌లైటు బల్బులు రెండూ, నీలం దీపం బల్బూ తీసేయండి. ఫ్యూజు చోట 21 వాట్ల ఇండికేటర్ బల్బు ఒకటి వైర్లతో తగిలించి లో బీమ్ వేయండి. షార్టు లేకపోతే ఆ బల్బు వెలగదు. ఉంటే నిండుగా వెలుగుతుంది, అయినా ఏదీ కాలదు, ఎందుకంటే ఆ బల్బే కరెంటును రెండు ఆంపియర్లలోపు ఆపేస్తుంది. ఇప్పుడు తీరిగ్గా వైర్లు కదుపుతూ రండి. మొదట హెడ్‌లైటు బ్రాకెట్, బోలు పైపులోంచి వైరు దూర్చి ఉంటే ఆ పైపు అంచు కత్తిలా ఉంటుంది. తర్వాత ఫైబర్‌కు అంచుకు రబ్బరు గ్రొమెట్ (వైరు కోసుకుపోకుండా వేసే రింగు) లేకుండా కొట్టిన బెజ్జాలు, స్టీరింగ్ కాలమ్ తిరిగే చోటు. స్టీరింగ్ ఈ చివరినుంచి ఆ చివరకు తిప్పి చూడండి. ఎక్కడ కదిపితే టెస్ట్ బల్బు మిణుకుతుందో అక్కడ తొడుగు చిరిగి ఉంటుంది. హై బీమ్‌కు కూడా ఇదే మళ్ళీ చేయండి. పనంతా చేసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ ముందు విప్పి చివర బిగించడం, పరీక్ష చేసేటప్పుడు మాత్రమే కలపడం మీకు తెలిసిందే అనుకుంటాను. చేతికి ఉంగరం, లోహపు గడియారం ఉంటే తీసేయండి.

ఎల్ఈడీ మాట. వద్దంటాను. ఎర్తు లేనిచోట ఎల్ఈడీ కూడా వెలగదు, పైగా తక్కువ కరెంటుతో నడుస్తుంది కాబట్టి సగం చెడిన కనెక్షన్‌ను కొన్నాళ్ళు దాచి పెడుతుంది. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు పడాల్సిన చోట పడక ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. చాలా దేశాల్లో అలాంటి మార్పిడి చట్టవిరుద్ధం కూడా, మీ దగ్గర నిబంధన ఏమిటో చూసుకోండి.

కొత్త బల్బులు వేసేటప్పుడు గాజును వేళ్ళతో పట్టుకోకండి, చర్మం జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. అంటితే స్పిరిట్‌తో తుడవండి. ఎర్తు, రిలేలు అయ్యాక లైట్ల ఎత్తు మళ్ళీ సరిచేయించండి. ఇన్నాళ్ళూ మసక వెలుగులో బాగున్నాయనిపించిన లైట్లు పూర్తి వోల్టేజి అందగానే ఎంత పైకి చూస్తున్నాయో అప్పుడు తెలుస్తుంది.